నెమ్ముకి ‘కరెంటు’ పెడతారా?

క్యాన్సర్‌ గడ్డల్ని కరిగించే కిరణాలతో ఊపిరితిత్తుల వాపు తగ్గుతుందా? వందేళ్ల కిందటే కొందరు డాక్టర్లు ఆ పని చేశారు. మంచి మందులొచ్చాక మర్చిపోయారు. కరోనా వచ్చాక మళ్లీ గుర్తుచేసుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పదిమందికి ఇచ్చి చూశారు కూడా. మరి ఆ వైద్యం మన శ్రీకాకుళం, విజయనగరాల దాకా ఎందుకు రాలేదు?

2021 మే నెల. రాత్రి పదకొండు దాటింది. ఫోను మోగింది. ఆ రోజుల్లో ఆ వేళకి ఫోను మోగిందంటే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. పలాస నుంచి అత్త. మావయ్య అప్పటికి నాలుగు రోజులుగా శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రిలో ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్‌ మాస్కు. వేలికి తగిలించిన ఆక్సీమీటరు తొంభై దాటనని మొరాయిస్తోంది. స్కానింగ్‌లో రెండు ఊపిరితిత్తులూ మంచు పట్టిన అద్దాల్లా ఉన్నాయన్నారు.

‘ఏటి బాబూ... నెమ్ముకి కరెంటెడతారంట గదా! మనకి ఇశాపట్నంలో ఎడతారేటి? బండి మాటాడమంటావా?’

అత్త చెవిన ఆ మాట వేసింది అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి. అట్లాంటాలో కరోనా రోగుల ఊపిరితిత్తులకి కొద్దిపాటి రేడియేషన్‌ ఇస్తే రెండ్రోజుల్లో ఆక్సిజన్‌ తీసేశారనీ, మన ఢిల్లీలోనూ చేశారనీ ఎక్కడో చదివాడు. ‘రేడియేషన్‌’ అని వాడంటే అత్తకి అర్థమైన మాట ‘కరెంటు’. ఇందులో ఆమె తప్పేమీ లేదు. తెలుగునాట ఏ పల్లెకెళ్లినా క్యాన్సర్‌ రోగికి చేసే రేడియేషన్‌ చికిత్సకి జనం పెట్టుకున్న పేరు అదే... కరెంటు పెట్టించడం.

అది ఎలాంటి కాలమో గుర్తుందిగా! రెమ్‌డెసివిర్‌ ఇంజెక్షన్‌ కోసం జనం ఒంటిమీది బంగారం అమ్ముకుంటున్నారు. ఆ మందుని కొవిడ్‌ రోగులకి వాడాల్సిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పినా వినేదెవరు? నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం కిలోమీటర్ల కొద్దీ క్యూలు. అలాంటప్పుడు, పెద్ద పెద్ద డాక్టర్లే చేస్తున్న వైద్యం ఒకటుందని తెలిశాక ఏ ఇల్లాలు ఊరుకుంటుంది?

పొద్దున్న చెబుతానని ఫోను పెట్టేశా. ఆ రాత్రి చదవడం మొదలెట్టిన సంగతి, మావయ్య ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

కరెంటు కాని కరెంటు

ముందు అసలు సంగతి. రేడియేషన్‌ చికిత్సలో రోగి ఒంట్లోకి కరెంటు పంపరు. లీనియర్‌ యాక్సిలరేటర్‌ అనే యంత్రం నుంచి శక్తిమంతమైన ఎక్స్‌-కిరణాలు వస్తాయి. ఛాతీ ఫొటో తీసేవాటికి అవి అన్నదమ్ములే, కాకపోతే బలం చాలా ఎక్కువ. ఒంట్లోకి ఎంత కిరణం దిగిందో కొలిచే కొలత పేరు ‘గ్రే’. క్యాన్సర్‌ గడ్డని చంపడానికి సాధారణంగా 50, 60 గ్రేల దాకా ఇస్తారు. ఒక్కసారే కాదు, వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలపాటు కొంచెం కొంచెంగా.

న్యుమోనియాకి ఇవ్వాలనుకున్నది అంత కాదు. అర గ్రే నుంచి ఒకటిన్నర గ్రే వరకూ. అదీ ఒక్కసారి. క్యాన్సర్‌ మోతాదుతో పోలిస్తే చేటలో చిటికెడు. ఈ చిటికెడు వైరస్‌ని చంపదు. చంపాలని ఎవరూ అనుకోలేదు కూడా. మరి దేనికి?

ఊళ్లో ఓ ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. జనమంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. దొంగ గోడ దూకి పారిపోయినా ఆ చీకట్లో ఎవరికీ తెలీదు. తోపులాటలో ఇంటివాళ్ల కుండలూ తలుపులూ పగిలిపోతాయి. తీవ్రమైన వైరల్‌ న్యుమోనియాలో జరిగేది చాలావరకు ఇదే. వైరస్‌ మీదికి వచ్చిన రక్షణ కణాలు శాంతించవు. వాపు పుట్టించే రసాయనాలు వదులుతూనే ఉంటాయి. గాలి ఉండాల్సిన బుడగల్లో నీరు చేరుతుంది. అప్పుడు మనిషి వైరస్‌ వల్లకంటే ఆ హడావుడి వల్ల ఎక్కువ నష్టపోతాడు.

కొద్ది మోతాదు కిరణాలు ఆ గుంపుని ఇంటికి పంపుతాయన్నది ఆలోచన. మాక్రోఫేజ్‌లనే కణాలు పోట్లాడే తీరు మానుకుని మరమ్మతు చేసే తీరుకి మారతాయనీ, రక్తనాళాల గోడలకి తెల్లకణాలు అతుక్కోవడం తగ్గుతుందనీ ప్రయోగశాలల్లో చూశారు. జర్మనీలో మడమ నొప్పికీ, కీళ్ల అరుగుదలకీ ఇలాంటి చిన్న మోతాదు రేడియేషన్‌ని ఏళ్ల తరబడి ఇస్తున్నారు. అయితే 2018లో నెదర్లాండ్స్‌ పరిశోధకులు మోకాలి, చేతివేళ్ల కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో సగంమందికి నిజం కిరణాలు, సగంమందికి ఉత్తుత్తివి ఇచ్చి చూస్తే రెండు గుంపులకీ తేడా కనబడలేదు. ఈ ‘ఉత్తుత్తి’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే రావాలి.

తాతలనాటి వైద్యం

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్‌ ఎక్స్‌-కిరణాలు కనుక్కున్నాడు. పదేళ్లు తిరిగేసరికి, 1905లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా డాక్టర్లు ముస్సర్‌, ఎడ్సాల్‌ ఎంతకీ తగ్గని న్యుమోనియాకి వాటిని వాడి చూశారు. 1916లో క్వింబీ అనే ఇంటిపేరున్న ఇద్దరు డాక్టర్లు ఇలాంటి 12 మంది గురించి రాశారు. 1930ల్లో టెక్సాస్‌లో పావెల్‌ అనే డాక్టరు పెద్దయెత్తున మొదలెట్టాడు. న్యుమోనియాతో నూటికి ముప్పై మంది పోయే కాలమది. తన దగ్గర ఎక్స్‌రే పెట్టించుకున్నవాళ్లలో మరణాలు అయిదారు శాతానికి పడిపోయాయని ఆయన లెక్క.

1943లో ఓపెన్‌హైమర్‌ అనే డాక్టరు (అణుబాంబు ఓపెన్‌హైమర్‌ కాదు, ఈయన వేరు) వైరస్‌ న్యుమోనియాగా భావించిన 56 మందికి ఇచ్చి, జబ్బు మొదట్లో ఇస్తే ఎక్కువమందికి త్వరగా తగ్గిందని రాశాడు. అదంతా పాత పుస్తకాల దుమ్ములో ఉండిపోయింది. 2013లో మసాచుసెట్స్‌ విశ్వవిద్యాలయానికి చెందిన కాలబ్రేసీ, ధావన్‌ ఆ దుమ్ము దులిపారు. ఆ నలభై ఏళ్లలో వచ్చిన 15 అధ్యయనాలు, సుమారు 700 మందికి నయమైన వివరాలు ఒకచోట చేర్చారు. కాలబ్రేసీ మామూలుగానే ‘కొద్దిపాటి రేడియేషన్‌ ఒంటికి మేలే’ అనే వాదానికి పెద్దదిక్కు. ఆయన రాసింది చదివేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి. ఆ రాత్రి నాకు ఇది తెలీదు. 700 అన్న అంకె చూసి అర్ధరాత్రే అత్తకి ఫోను చేద్దామనుకున్నా.

అంత బాగా పనిచేస్తే మరి ఎందుకు మానేశారు?

భీమవరం సంబంధం

ఎక్స్‌-కిరణాలు బయటపడిన ఆ 1895లోనే, జనవరి 12న, భీమవరంలో ఓ పిల్లాడు పుట్టాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరి పరిశోధనలకి పెద్ద అయ్యాడు. ఆయన ఆధ్వర్యంలో ఉన్న ఆ పరిశోధనశాలలోనే బెంజమిన్‌ డగ్గర్‌ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ని తీశాడు. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో పెద్దబ్బాయి అదే. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

న్యుమోనియాకి ఎక్స్‌రే వైద్యం మూలపడింది ఇలాంటి మందుల వల్లే. 1938లో సల్ఫా మందు వచ్చింది, తర్వాత పెన్సిలిన్‌. వాటికి లొంగని ‘వైరస్‌ న్యుమోనియా’ అని పేరుబడ్డ రకం ఒకటి ఉండేది. ఆరియోమైసిన్‌ దాన్నీ లొంగదీసింది. యంత్రం అక్కర్లేదు, చీకటి గది అక్కర్లేదు, నాలుగు మాత్రలు చాలు. ఇక ఎక్స్‌రే ఎవడిక్కావాలి?

ఇక్కడ చిన్న మెలిక ఉంది. యాంటీబయాటిక్‌ వైరస్‌ని ఏమీ చెయ్యలేదు కదా, మరి ‘వైరస్‌ న్యుమోనియా’ ఎలా తగ్గింది? తగ్గిందంటే అందులో చాలా కేసులకి కారణం అసలు వైరసే కాదు. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా. 1940ల్లో దాన్ని వైరస్‌ అనే అనుకున్నారు. అది బ్యాక్టీరియా జాతిదని 1962లో తేలింది. అంటే ఓపెన్‌హైమర్‌ కాలంలో ‘వైరస్‌ న్యుమోనియా’ అన్న చీటీ తగిలించినవాళ్లలో ఎవరికి వైరసో, ఎవరికి మైకోప్లాస్మానో చెప్పే పరీక్షే లేదు. పైగా మైకోప్లాస్మా న్యుమోనియా చాలామందిలో దానంతటదే తగ్గిపోయే రకం. కిరణాలు తగ్గించాయా, కాలం తగ్గించిందా?

700 అన్న అంకె మీద నా మోజు అక్కడ సగం తగ్గింది.

ఎయిమ్స్‌లో పదిమంది

2020 వచ్చింది. విజయనగరం జిల్లాలో మే మొదటి వారం దాకా ఒక్క కేసూ లేదు. అప్పటి పదమూడు జిల్లాల్లో కరోనా ఆఖరున అడుగుపెట్టింది అక్కడే. శ్రీకాకుళంలోనూ ఏప్రిల్‌ చివరిదాకా లేదు. గుజరాత్‌ రేవుల్లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు బస్సుల్లో ఇళ్లకి చేరుతున్న రోజులవి. తర్వాత శ్రీకాకుళం దగ్గర రాగోలులోని జెమ్స్‌, విజయనగరం దగ్గర నెల్లిమర్లలోని మిమ్స్‌ కొవిడ్‌ ఆసుపత్రులయ్యాయి.

సరిగ్గా అప్పుడే ప్రపంచంలో పలుచోట్ల డాక్టర్లకి ఆ పాత కాగితాలు గుర్తొచ్చాయి. చేతిలో మందు లేదు. వెంటిలేటర్‌ మీదికి వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం లేదు. ఏప్రిల్‌లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం డాక్టర్లు అయిదుగురు రోగులకి రెండు ఊపిరితిత్తుల మీదా ఒకటిన్నర గ్రే ఇచ్చారు. ఎక్కువమంది తొంభై ఏళ్ల చుట్టుపక్కల ముసలివాళ్లు. నలుగురు త్వరగా కోలుకున్నారు. మా బావమరిది చదివింది దీని గురించే.

మన దేశంలో ఆ పని చేసింది ఢిల్లీ ఎయిమ్స్‌ రేడియేషన్‌ వైద్య నిపుణుడు డాక్టర్‌ డి.ఎన్‌.శర్మ బృందం. అప్పటి ఎయిమ్స్‌ డైరెక్టర్‌ రణదీప్‌ గులేరియా కూడా అందులో భాగస్వామి. 2020 జూన్‌ నుంచి ఆగస్టు వరకూ పదిమందిని తీసుకున్నారు. జబ్బు ఓ మాదిరి నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లు. ఒక్కొక్కరికీ ఒకే ఒక్కసారి 0.7 గ్రే. తొమ్మిదిమంది కోలుకున్నారు, అదీ ఎక్కువమంది మూడు నుంచి ఏడు రోజుల్లో. రక్తపోటున్న ఒకాయన పరిస్థితి దిగజారి, చికిత్స తర్వాత 24వ రోజున చనిపోయారు. వెంటనే కనిపించే దుష్ఫలితాలేవీ రాలేదు.

పదింటికి తొమ్మిది! పరీక్షల్లో అయితే డిస్టింక్షన్‌. కానీ ఆ పదిమందికీ మామూలు మందులు ఆగలేదు. అవీ నడుస్తూనే ఉన్నాయి. కిరణాలు ఇవ్వని మరో పదిమందిని పక్కన పెట్టి పోల్చిందీ లేదు. అది ఆ డాక్టర్ల లోపం కాదు. మొదటిసారి చేసేటప్పుడు ‘ఇది చెయ్యగలమా, హాని ఏమైనా ఉందా’ అని చూడ్డమే అసలు ఉద్దేశం. పెద్ద ప్రయోగాలు జరగాలని వాళ్లే రాశారు. ఆ ఆఖరి వాక్యం వాట్సాప్‌లో రాదు. ‘ఎయిమ్స్‌లో 90 శాతం సక్సెస్‌’ అన్న ముక్కే వస్తుంది.

ఉత్తుత్తి కిరణాలు

ఆ పోల్చే పని స్విట్జర్లాండ్‌ వాళ్లు చేశారు. వెంటిలేటర్‌ మీదున్న 22 మంది కొవిడ్‌ రోగులు. చీటీ తీసినట్టు 11 మందికి ఒక గ్రే కిరణాలు ఇచ్చారు. మిగిలిన 11 మందినీ అలాగే యంత్రం కిందికి తీసుకెళ్లారు, అలాగే పడుకోబెట్టారు. కానీ మీట నొక్కలేదు. ఎవరికి నిజం, ఎవరికి ఉత్తుత్తిదన్న సంగతి వార్డులో చూసే డాక్టర్లకీ తెలీదు.

వినడానికి దారుణంగా ఉంటుంది. ప్రాణాల మీద ఉన్న మనిషిని మంచం మీంచి కదిపి, యంత్రం కిందికి తీసుకెళ్లి, ఏమీ చెయ్యకుండా వెనక్కి తేవడమా! అత్తకి చెబితే తిట్టిపోసేది. నాకూ మొదట మింగుడుపడలేదు. కానీ నిజం తెలియడానికి ఇంతకన్నా దారి లేదు.

2021లో ఫలితం వచ్చింది. వెంటిలేటర్‌ లేకుండా గడిపిన రోజుల్లో రెండు గుంపులకీ తేడా లేదు. 28 రోజుల తర్వాత బతికున్నవాళ్ల శాతమూ రెండింటిలో సరిగ్గా ఒకటే. తేడా వచ్చిందల్లా ఒక్కదాంట్లో... కిరణాలు తగిలినవాళ్ల రక్తంలో లింఫోసైట్లనే రక్షణ కణాలు ఇంకాస్త తగ్గాయి. వైరస్‌తో పోరాడేవి అవే!

22 మంది పెద్ద లెక్కేమీ కాదు. వెంటిలేటర్‌ దాకా వెళ్లాక కాకుండా ముందే ఇస్తే పనిచేసేదేమో అన్న వాదన ఉంది, అందులో అర్థం లేకపోలేదు. ఆక్సిజన్‌ అవసరం తగ్గిందని చెప్పిన చిన్న అధ్యయనాలు ఇంకొన్ని వచ్చాయి. ప్రాణాలు నిలబెడుతుందని మాత్రం పెద్ద అధ్యయనం ఏదీ తేల్చలేదు. మన కేంద్ర ఆరోగ్యశాఖ కొవిడ్‌ చికిత్స మార్గదర్శకాల్లో దానికి చోటు దొరకలేదు.

దొరక్కపోవడానికి ఇంకో పెద్ద కారణం ఓ చిన్న మాత్ర.

బడ్డీకొట్టు ధరకే

2020 జూన్‌ 16. ఎయిమ్స్‌ ప్రయోగం మొదలైన నెలలోనే బ్రిటన్‌ నుంచి ఓ కబురొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం నడిపిన ‘రికవరీ’ ప్రయోగంలో డెక్సామెథసోన్‌ అనే పాత స్టిరాయిడ్‌ మందుని 2,104 మందికి ఇచ్చి, ఇవ్వని 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్‌ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్‌ మీదున్నవాళ్లలో అయిదో వంతు దాకా. ఆక్సిజన్‌ అవసరం లేనివాళ్లకి ఇస్తే లాభం కనబడలేదు.

కిరణాలతో చెయ్యాలనుకున్న పనే ఇది. ఆ గుంపుని ఇంటికి పంపడం. కాకపోతే దీనికి లీనియర్‌ యాక్సిలరేటర్‌ అక్కర్లేదు. రోజుకి ఆరు మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠంగా పది రోజులు. ధర టీ బడ్డీలో అయ్యే ఖర్చుకి అటూఇటూ. ఏ మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగినా దొరికే మందు. జూన్‌ 27న మన ఆరోగ్యశాఖ దాన్ని చికిత్స పద్ధతిలో చేర్చేసింది. (రెండో అల వచ్చేసరికి ఈ మందునే డాక్టర్ని అడక్కుండా మొదటి రోజు నుంచే మింగి, షుగర్‌ పెరిగి, నల్ల ఫంగస్‌ తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మంచి మందుని కూడా మనం వదిలిపెట్టం.)

రేడియేషన్‌ అంటే మనకి కొత్తా?

శ్రీకాకుళం జిల్లాలో ‘రేడియేషన్‌’ అన్న మాట వింటే క్యాన్సర్‌ ఆసుపత్రి కన్నా ముందు గుర్తొచ్చేది కొవ్వాడ. రణస్థలం మండలంలోని ఆ తీరంలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణువిద్యుత్‌ రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన మీద ఏళ్ల తరబడి ఊళ్లు ఊళ్లే మాట్లాడుకున్నాయి. ఇక భావనపాడు, కళింగపట్నం నుంచి భీమిలి దాకా మన తీరం ఇసుకలో మోనజైట్‌ ఉంది. అందులో థోరియం ఉంటుంది. అది సన్నగా కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. కాబట్టి కంటికి కనబడని కిరణాల సంగతి ఇక్కడివాళ్లకి తెలియంది కాదు.

తెలియందల్లా మోతాదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే ఒంటికి తగిలేది చాలా స్వల్పం. న్యుమోనియాకి ఇవ్వాలన్న 0.7 గ్రే దానికి కొన్ని వేల రెట్లు. క్యాన్సర్‌ చికిత్స పక్కన పెడితే చిటికెడు, ఎక్స్‌రే పక్కన పెడితే బస్తా.

ఆ బస్తా భారం వెంటనే తెలీదు. గతంలో తెలిసినప్పుడు ఆలస్యమైపోయింది. పసిపిల్లల ఛాతీలో థైమస్‌ గ్రంథి పెద్దదిగా ఉందని కిరణాలు పెట్టించేవారు ఒకప్పుడు అమెరికాలో. నిజానికి ఆ వయసులో అది పెద్దగా ఉండటమే సహజం. అలా కిరణాలు తగిలిన పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్‌ క్యాన్సర్లు వచ్చాయి. బ్రిటన్‌లో వెన్నుపూస బిగుసుకుపోయే జబ్బుకి రేడియేషన్‌ పెట్టించుకున్న వేలమందిని తర్వాత పరిశీలిస్తే వాళ్లలో రక్తక్యాన్సర్‌ మామూలుకంటే ఎక్కువగా కనిపించింది. ఈ అనుభవాలు చూపించే 2020లో మరో వర్గం డాక్టర్లు ‘సరైన ఆధారం లేకుండా రోగుల మీద ప్రయోగాలు వద్దు’ అని గట్టిగా రాశారు. ఎనభై ఏళ్ల ముసలాయనకి ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చే ముప్పు ముప్పు కాదు. కానీ 2021లో ఆక్సిజన్‌ మంచాల మీద పడుకున్నది ముసలాళ్లేనా? ముప్పయ్యేళ్ల ఆటో డ్రైవర్లూ, పాతికేళ్ల బాలింతలూ లేరా?

ఇశాపట్నం దూరం

పొద్దున్న అత్తకి ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. సరే, అది పనిచేస్తుందనే అనుకుందాం. ఎక్కడ పెట్టిస్తాం?

రేడియేషన్‌ యంత్రం ఉండే గదికి మీటరు పైన మందమున్న కాంక్రీటు గోడలు కావాలి. నడపడానికి డాక్టరుతోపాటు కిరణాల లెక్కలు కట్టే ఫిజిసిస్టు కావాలి. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. అందుకే అవి పెద్ద ఊళ్లలోనే ఉంటాయి. మన రెండు జిల్లాల క్యాన్సర్‌ రోగులు తరతరాలుగా చేస్తున్నది విశాఖ ప్రయాణమే. కేజీహెచ్‌కో, అగనంపూడిలో టాటా మెమోరియల్‌ వాళ్ల హోమీభాభా ఆసుపత్రికో, ప్రైవేటు ఆసుపత్రులకో. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. సీతంపేట, కురుపాం కొండల మీది గూడేల నుంచైతే (ఇప్పుడవి పార్వతీపురం మన్యం జిల్లా) ముందు రోడ్డెక్కడమే ఒక ప్రయాణం.

నిమిషానికి పదిహేను లీటర్ల ఆక్సిజన్‌ పీలుస్తున్న మనిషిని అంబులెన్స్‌లో అంత దూరం తీసుకెళ్లాలి. దారిలో సిలిండర్‌ అయిపోకూడదు. తీరా వెళ్తే అక్కడ యంత్రం కోసం వరసలో కూర్చున్నది ఎవరు? రొమ్ము క్యాన్సర్‌కో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కో ‘కరెంటు’ పెట్టించుకోవడానికి మన ఊళ్ల నుంచే వెళ్లి, అద్దె గదుల్లో వారాల తరబడి ఉంటున్న ఆడవాళ్లు. రోగనిరోధక శక్తి అంతంతమాత్రం. వాళ్ల మధ్యలోంచి కొవిడ్‌ రోగి స్ట్రెచర్‌ వెళ్లాలి. ఆ తర్వాత గదంతా కడిగి తుడిచేదాకా వాళ్ల వంతు ఆగాలి. పదిమందికి చేసిన ఎయిమ్స్‌లో అది సాధ్యపడింది. మంచాలు చాలక జనం ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సుల్లోనే ఆక్సిజన్‌ పెట్టించుకున్న ఆ మే నెలలో?

పొద్దున్నే ఫోను చేశా. ‘అత్తా, బండి వద్దు. అది ఇంకా ప్రయోగమే. ఇక్కడ ఆక్సిజన్‌ అందుతోంది కదా, స్టిరాయిడ్‌ ఇస్తున్నారో లేదో కనుక్కో చాలు’ అన్నా. అటునుంచి కాసేపు మాట లేదు. ‘నువ్వు సదువుకున్నోడివి, నీ మాట మీదే ఉంటాను బాబూ’ అంది. ఆ తర్వాత పదిహేను రోజులు నాకు నిద్ర లేదు. పనిచెయ్యదని రుజువు కాలేదు కదా, నేనే అడ్డం పడ్డానేమో అన్న బెంగ. అప్పటికి స్విస్‌ ప్రయోగం ఫలితం నాకు తెలీదు. బావమరిది ఓ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. తండ్రి దగ్గర లేని కొడుకు కోపం అది, తప్పుపట్టలేం.

మావయ్యకి తగ్గింది. పదహారో రోజున ఇంటికొచ్చాడు. డిశ్చార్జి కాగితంలో ఉన్నవి ఆక్సిజన్‌, డెక్సామెథసోన్‌, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్‌. ఇప్పటికీ ఆ కాగితం చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. ఆ పొద్దున్న నేను ‘సరే’ అని ఉంటే? అంబులెన్స్‌లో విశాఖ తీసుకెళ్లి, ఎవరో ఒకరు దయతలచి కిరణాలు పెట్టి ఉంటే? మావయ్యకి ఎలాగూ తగ్గేదే. కానీ ఈపాటికి పలాస నుంచి టెక్కలి దాకా అందరికీ మా అత్త చెబుతూ ఉండేది, నెమ్ము తగ్గింది కరెంటు వల్లేనని. నేనూ నమ్మేవాణ్ని. పావెల్‌ దగ్గర, ఓపెన్‌హైమర్‌ దగ్గర ఇళ్లకి వెళ్లినవాళ్లలో ఎంతమంది కథ ఇదో!

మొన్న సంక్రాంతికి పలాస వెళ్లా. మావయ్య అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఏరుతున్నాడు. మెట్లెక్కితే కాస్త ఆయాసం మిగిలిందంతే. ఆక్సీమీటరు ఇంకా గల్లాపెట్టెలోనే ఉంది, అప్పుడప్పుడూ తీసి వేలికి పెట్టుకుంటాడట. మాటల్లో పాత సంగతులొచ్చాయి.

‘ఒరే అల్లుడూ, ఆస్పత్రిలో నాకు కరెంటెట్టినారా, లేదా?’ అనడిగాడు.

‘లేదు మావయ్యా.’

‘మరెలా తగ్గిపోనాదిరా?’